డిప్రెషన్‌కు మందు మొదలుపెట్టాక మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లేలా చూడటం ఎలా?
ఇతర రాష్ట్రాల్లో ఉంటున్న తెలుగు కుటుంబాల కోసం

డిప్రెషన్‌తో బాధపడే మనిషిని మొదటిసారి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడానికి ఇంటిల్లిపాదీ నానా పాట్లు పడతారు. నచ్చజెబుతారు, బతిమాలుతారు, చివరికి ఎలాగో ఒప్పిస్తారు. డాక్టర్ చూసి మందులు రాసిచ్చాక ఒక పని అయిపోయిందని ఊపిరి పీల్చుకుంటారు. "రెండు వారాల తర్వాత రండి" అని ఓపీ చీటీ మీద రాసిన తేదీని మాత్రం చాలా ఇళ్లలో ఎవరూ గుర్తుపెట్టుకోరు. నిజానికి చికిత్స దారిలో పడేదీ, తప్పేదీ ఆ తేదీ దగ్గరే.

బెంగళూరులోని నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవాళ్లలో సుమారు 20 మందికి ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్‌కు లోనయ్యారని అందులో తేలింది. డిప్రెషన్ ఉన్నవాళ్లలో సుమారు 85 శాతం మందికి చికిత్స అందడం లేదని కూడా ఆ సర్వే చెప్పింది. అంటే మీ ఇంటి మనిషి ఒక్కసారైనా డాక్టర్ ముందు కూర్చున్నారంటే, ఎక్కువమంది దాటలేని గడప దాటినట్టే. అంతదాకా వచ్చినవాళ్లు వెనక్కి వెళ్లిపోకుండా చూసుకోవడం ఎలాగో ఈ వ్యాసంలో చెబుతున్నాం. మన సొంత భాష కాని చోట ఈ పనికి తోడయ్యే చిక్కుల గురించి కూడా మాట్లాడుకుందాం.

ఒక్కసారి చూపించుకుంటే ఎందుకు సరిపోదు?

జ్వరం మాత్ర వేసుకుంటే గంటలో తేడా తెలుస్తుంది. డిప్రెషన్ మందు అలా కాదు. గుణం కనిపించడం మొదలవడానికి సాధారణంగా 2 నుంచి 4 వారాలు పడుతుంది. పూర్తి ఫలితం తెలియడానికి 6 నుంచి 8 వారాలు కావచ్చు. వికారం, తలనొప్పి, కడుపులో తేడా, నిద్ర మారడం, కంగారు లాంటి ఇబ్బందులు మాత్రం మొదటి వారంలోనే రావచ్చు. ఇబ్బంది ముందొచ్చి మేలు తర్వాత వస్తుంది కాబట్టే చాలామంది "ఈ మందు నాకు పడలేదు" అని మధ్యలో వదిలేస్తారు. ఈ ఇబ్బందుల్లో చాలావరకు ఒకటి రెండు వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. తగ్గకపోతే డాక్టర్ మోతాదు మారుస్తారు, లేదా మరో మందు ఇస్తారు. అందుకు మనిషి మళ్లీ కనిపించాలి.

తర్వాతి విడతల్లో ఏం జరుగుతుందో తెలిస్తే వెళ్లడానికి కారణం కనిపిస్తుంది.

రెండు వారాలకు: మందు పడుతోందా, నిద్ర, ఆకలి ఎలా ఉన్నాయి, చనిపోవాలనే ఆలోచనలు వస్తున్నాయా అని చూస్తారు. 25 ఏళ్లలోపు వాళ్లలో మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో ఇలాంటి ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది కాబట్టి, వాళ్లను ఇంకా ముందే రమ్మనవచ్చు.

నెల, నెలన్నరకు: మోతాదు సరిపోతోందో లేదో తేల్చుకుంటారు. థైరాయిడ్ లోపం, రక్తహీనత లాంటివి కూడా నీరసాన్ని, దిగులును తెస్తాయి. రక్తపరీక్షలు రాసి ఉంటే వాటి ఫలితాలు చూస్తారు. కౌన్సెలింగ్ అవసరమైతే మొదలుపెడతారు.

తేరుకున్నాక: ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు. మనసు బాగుపడిన తర్వాత కూడా కనీసం 6 నుంచి 9 నెలలు, కొందరికి ఏడాది పాటు మందు కొనసాగించాలని వైద్యులు చెబుతారు. అంతకుముందు కూడా డిప్రెషన్ వచ్చి ఉంటే ఇంకా ఎక్కువ కాలం అవసరం కావచ్చు. ఒకసారి డిప్రెషన్ వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి మళ్లీ వచ్చే అవకాశం ఉంటుంది. తొందరపడి ఆపితే ఆ ముప్పు పెరుగుతుంది.

చివర్లో: మందును ఒక్కరోజులో ఆపరు, కొద్దికొద్దిగా తగ్గిస్తారు. ఉన్నట్టుండి ఆపేస్తే తల తిరగడం, చిరాకు, నిద్ర చెడటం, తలలో కరెంటు తగిలినట్టు జివ్వుమనడం లాంటివి వస్తాయి. వీటిని చూసే "మందు అలవాటైపోయింది" అనుకుంటారు. అది వ్యసనం కాదు. మందు నుంచి బయటపడటానికి శరీరానికి కొంత గడువు కావాలి, అంతే. మందు ఆపేయడానికి కూడా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

ఎందుకు మానేస్తారు?

బద్ధకం వల్లో, మొండితనం వల్లో కాదు. ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, ఏం చేసినా లాభం లేదనిపించడం, పక్కవాళ్లకు భారమైపోతున్నాననుకోవడం ఈ జబ్బు లక్షణాలే. తేదీ గుర్తుపెట్టుకుని, స్నానం చేసి, బస్సెక్కి, వరుసలో నిలబడి, కొత్త మనిషికి తన గోడు చెప్పుకోమంటున్నాం. సరిగ్గా ఆ శక్తినే ఈ జబ్బు లాగేస్తుంది. కాలు విరిగినవాణ్ణి నడిచి రమ్మన్నట్టే ఇది.

దీనికి మిగతావి తోడవుతాయి. షోలాపూర్‌లో మరమగ్గం మీద పనిచేసే మనిషికి ఆసుపత్రికి వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. ఆడపిల్లకు సంబంధాలు చూస్తున్న ఇంట్లో, మానసిక విభాగం ముందు ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తారేమోనన్న బెదురు ఉంటుంది. "తగ్గిపోయింది కదా, ఇంకా ఎందుకు" అనే మాట ఇంట్లో పెద్దల నుంచే వస్తుంది. డాక్టర్ మూడు నిమిషాల్లో చూసి పంపేస్తే, "ఈ మాత్రానికి ఇంతదూరం రావాలా" అనిపిస్తుంది.

భాష: పైకి చెప్పుకోని కారణం

మనవాళ్లకు బజారు భాష వస్తుంది. బళ్లారిలో కన్నడ, హోసూరులో తమిళం, బరంపురంలో ఒడియా, షోలాపూర్‌లో మరాఠీ మాట్లాడుతూ తరతరాలుగా బతుకుతున్నాం. బేరమాడగలం, ఆఫీసులో పని చక్కబెట్టుకోగలం. కానీ మనసులోని దిగులు చెప్పుకోవడం వేరు. "బెంగగా ఉంది", "గుండెల్లో ఏదో బరువు", "మనసు మనసులో లేదు" లాంటి మాటలు మనకు తెలుగులోనే వస్తాయి. అవతలి భాషలో చెప్పాల్సి వచ్చేసరికి అవి "తలనొప్పి, నిద్ర లేదు" దగ్గర ఆగిపోతాయి. డాక్టర్ తలనొప్పికీ నిద్రకూ మందు రాసి పంపితే తప్పు ఆయనది కాదు, కానీ జబ్బు మాత్రం అలాగే ఉండిపోతుంది. రోగికేమో "నా బాధ ఆయనకు అర్థం కాలేదు" అనిపిస్తుంది. ఇక రెండోసారి వెళ్లరు.

ఇంట్లో స్థానిక భాషలో చదువుకున్న పిల్లలను దుబాసీలుగా తీసుకెళ్లడం మనకు అలవాటు. రక్తపోటుకో, చక్కెర జబ్బుకో అది సరిపోతుందేమో. డిప్రెషన్‌కు సరిపోదు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని డాక్టర్ అడిగితే, పదో తరగతి చదివే కూతురి నోట ఆ ప్రశ్న విన్న తల్లి "లేదు" అనే అంటుంది. భర్తతో గొడవలు, అత్తింటి కష్టం, అప్పులు, ఇవేవీ కొడుకు ముందు చెప్పదు. దుబాసీగా పెద్దవాళ్లు ఉండాలి. ఆ కష్టంలో భాగం లేనివాళ్లు, విన్నది బయట చెప్పనివాళ్లు అయితే మంచిది. భర్త మీద భయం ఉన్న ఇంట్లో భర్త దుబాసీ కాకూడదు.

ఈ విషయంలో చట్టం మనవైపే ఉంది. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం, జబ్బు ఏమిటో, ఏ చికిత్స ఇస్తున్నారో, దానివల్ల వచ్చే ఇబ్బందులేమిటో రోగికి అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కు ఉంది. వివరాలు గోప్యంగా ఉంచడం, తన వైద్య రికార్డులు తాను పొందడం కూడా హక్కులే. "నాకు తెలుగులో చెప్పగలవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడగడానికి మొహమాటపడక్కర్లేదు. పెద్దాసుపత్రుల్లో నర్సుల్లోనో, జూనియర్ డాక్టర్లలోనో తెలుగు తెలిసినవాళ్లు తరచు దొరుకుతారు.

సరిహద్దు జిల్లాల్లో ఉన్నవాళ్లు చాలామంది తెలుగు డాక్టర్ కోసం ఆంధ్ర, తెలంగాణ ఊళ్లకు వెళ్తుంటారు. మొదటిసారి వివరంగా మాట్లాడటానికి అది మంచిదే. కానీ ప్రతి నెలా అంత దూరం వెళ్లడం కష్టమై చివరికి మానేస్తారు. కాబట్టి మొదటిరోజే జబ్బు పేరు, మందు అసలు పేరు, మోతాదు, ఎప్పటిదాకా వాడాలో రాయించుకోండి. మధ్యలో విడతలు దగ్గరి ఆసుపత్రిలో చూపించుకోవచ్చా అని అడగండి. ఫోన్‌లో, వీడియోలో చూసే వీలుందేమో కనుక్కోండి.

ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

1. తేదీని ఇంటి తేదీ చేసుకోండి. గ్యాస్ బుకింగ్, కరెంటు బిల్లు గుర్తుపెట్టుకున్నట్టే ఇదీ ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి. మూడు రోజుల ముందు ఒకసారి, ముందురోజు సాయంత్రం మరోసారి గుర్తుచేయండి. ఆ పని ఎవరు చేయాలో రోగినే అడగండి.

2. ఒంటరిగా పంపకండి. "వెళ్లిరా" అనడం కంటే "నేనూ వస్తాను, పద" అనడం మేలు. డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు కాసేపు బయట ఉండమంటే నొచ్చుకోకండి.

3. చిన్నగా అడగండి. "ఆరు నెలలు మందు వాడాలి" అంటే కొండంత కనిపిస్తుంది. "ఈ గురువారం ఒక్కసారి వెళ్లొద్దాం, తర్వాత సంగతి తర్వాత చూద్దాం" అంటే కాలు కదులుతుంది.

4. మాట చూసి మాట్లాడండి. "నీకేం తక్కువైంది?", "అందరికీ లేవా కష్టాలు?", "మనసు గట్టిచేసుకో" లాంటి మాటలు సిగ్గును పెంచుతాయి. వాటికి బదులు ఇలా అనొచ్చు:

"అమ్మా, పోయిన వారం కంటే రెండు ముద్దలు ఎక్కువే తిన్నావు. ఆ సంగతి డాక్టర్‌గారికి చెబుదాం."

"అన్నయ్యా, మందు వల్ల కడుపులో తిప్పుతోందంటే ఆపేయడం ఎందుకు? మార్చమని అడుగుదాం. నేను సెలవు పెట్టాను."

"వదినా, నీకు వెళ్లాలని లేదని తెలుసు. ఎందుకు వద్దనిపిస్తోందో చెప్పు, దానికేం చేయొచ్చో చూద్దాం."

చివరి మాట అన్నిటికంటే ముఖ్యం. కారణం డబ్బు అయితే ఒక దారి, భయం అయితే మరో దారి, డాక్టర్ తీరు నచ్చకపోతే ఇంకో దారి ఉంటుంది. డాక్టర్‌ను మార్చుకోవడం తప్పు కాదు. చికిత్స మానేయడం కంటే ఎంతో మేలు.

5. పనివేళలు సర్దుకోండి. కూలి పోతుందని భయమైతే, పరిస్థితి కుదురుకున్నాక నెలకు సరిపడా మందులు ఇవ్వమని అడగండి. చనిపోవాలనే ఆలోచనలు ఉన్నవాళ్లకు మాత్రం ఒకేసారి ఎక్కువ మందులు చేతికి ఇవ్వకూడదు. ఇంట్లో మరొకరి దగ్గర ఉంచాలి. పురుగుమందులు ఇంట్లో లేకుండా చూడాలి.

6. గుడి, చర్చి, దర్గాతో పోటీ పెట్టకండి. మొక్కు తీర్చుకోవాలంటే తీర్చుకోనివ్వండి. మందు కూడా వేసుకుంటే చాలు.

వెళ్లేముందు ఒక చీటీ

డాక్టర్ ముందు కూర్చున్నాక సగం విషయాలు గుర్తురావు. అందుకే ముందురోజు రాత్రి ఒక కాగితం మీద తెలుగులోనే రాసుకోండి: నిద్ర ఎన్ని గంటలు పడుతోంది, ఆకలి ఎలా ఉంది, ఏ పనులు చేయగలుగుతున్నారు, ఏవి చేయలేకపోతున్నారు, మందు ఎన్ని రోజులు మర్చిపోయారు, కొత్తగా ఏ ఇబ్బంది వచ్చింది, తప్పక అడగాల్సిన రెండు ప్రశ్నలు. దాంపత్యంలో తేడా వచ్చినా రాయండి. ఈ మందుల్లో కొన్నిటి వల్ల అలా జరగవచ్చు. చెప్పడానికి సిగ్గుపడి మందే ఆపేసేవాళ్లు ఉన్నారు. మిగిలిన మాత్రలు, పాత చీటీలు, ఇతర జబ్బులకు వాడే మందులు కూడా పట్టుకెళ్లండి.

పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం చాలాచోట్ల వాడతారు. గత రెండు వారాల పరిస్థితిని బట్టి 0 నుంచి 27 దాకా మార్కులు వస్తాయి. అది తెలుగులోనూ ఉంది. విడత విడతకూ ఆ మార్కు తగ్గడం కళ్లారా చూస్తే, వస్తున్న మార్పు మీద రోగికే నమ్మకం కలుగుతుంది.

తేదీ తప్పిపోతే?

తప్పిపోయింది కాబట్టి ఇక వెళ్లలేమని, డాక్టర్ తిడతారని అనుకోవద్దు. మరుసటి ఓపీ రోజునే వెళ్లండి. రెండు నెలలు దాటినా వెళ్లండి. ఈమధ్యలో మందు ఆపేసి ఉంటే ఆ సంగతి దాచకండి. పాత మోతాదుతోనే సొంతంగా మళ్లీ మొదలుపెట్టకండి, ఎక్కడ మొదలుపెట్టాలో డాక్టర్ చెబుతారు. "చూశావా, నీవల్లే" అనే మాట ఇంట్లో ఎవరూ అనకూడదు.

తేదీ దాకా ఆగకూడని సందర్భాలు

- చనిపోవడం గురించి మాట్లాడటం, అందుకు ఏర్పాట్లు చేసుకోవడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం
- తిండి, నీళ్లు మానేయడం
- నిద్ర లేకపోయినా విపరీతమైన హుషారు, ఆగని మాటలు, చేతికి అడ్డులేని ఖర్చు
- ఒంటి మీద దద్దుర్లు, ముఖం వాపు
- పెద్ద వయసువాళ్లలో ఉన్నట్టుండి మతి తప్పినట్టు మాట్లాడటం
- గర్భం వచ్చిందని తెలియడం (మందు సొంతంగా ఆపకుండా వెంటనే డాక్టర్‌ను కలవాలి)

ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే 112 లేదా 108కి ఫోన్ చేసి, దగ్గరి ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. మనిషిని ఒంటరిగా వదలకండి. "చనిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టదు. అడిగినందుకు చాలామందికి ఊరట కలుగుతుంది.

ఎక్కడ చూపించుకోవచ్చు?

ఏ రాష్ట్రంలో ఉన్నా: కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన టెలి మానస్ నంబర్ 14416. ఉచితం, రోజంతా పనిచేస్తుంది. భాష ఎంచుకునేటప్పుడు తెలుగు ఎంచుకోవచ్చు. మొదట కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే నిపుణులకు కలుపుతారు. రెండు విడతల మధ్య సందేహం వచ్చినప్పుడు కూడా వాడుకోవచ్చు.

కర్ణాటక: బెంగళూరులో నిమ్హాన్స్ ఉంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి పునాది మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న బళ్లారి జిల్లాలోనే పడింది. 1980లలో నిమ్హాన్స్ అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు శిక్షణ ఇచ్చి నడిపిన పద్ధతినే 1996లో దేశం తీసుకుంది. జిల్లా ఆసుపత్రిలో అడిగితే ఈ కార్యక్రమం వివరాలు చెబుతారు.

తమిళనాడు: చెన్నై కీల్పాక్‌లో 1794 నాటి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రుల్లోనూ మానసిక విభాగాలున్నాయి.

ఒడిశా: బరంపురం చుట్టుపక్కల వాళ్లకు ఎంకేసీజీ వైద్య కళాశాల, కటక్‌లో ఎస్‌సీబీ వైద్య కళాశాల అందుబాటులో ఉన్నాయి. రాయగడ, కొరాపుట్ వైపు వాళ్లు ముందు జిల్లా ఆసుపత్రిలో అడగండి.

మహారాష్ట్ర: ఠాణే, పుణె ఎరవాడ, నాగపూర్, రత్నగిరిలో ప్రాంతీయ మానసిక ఆసుపత్రులున్నాయి. షోలాపూర్ వాళ్లకు అక్కడి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి దగ్గర.

యానాం: పుదుచ్చేరి వందల కిలోమీటర్ల దూరం. కాకినాడ సుమారు 30 కిలోమీటర్లే, అక్కడి ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో భాష సమస్య కూడా ఉండదు.

అత్యవసర మందుల జాబితాలో ఉన్న మానసిక వైద్యం మందులను సామాజిక ఆరోగ్య కేంద్రం స్థాయి నుంచి పై ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇవ్వాలని 2017 చట్టం చెబుతోంది. బయట కొనుక్కోమంటే ఎందుకని అడగండి.

మన సంఘాలు చేయగలిగింది

పలకరించడం చిన్న పని అనుకుంటాం. దాని బలం ఎంతో చెప్పే పరిశోధన ఒకటి చెన్నైతో సహా ఐదు దేశాల్లోని ఐదు చోట్ల జరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో ఆత్మహత్యకు ప్రయత్నించి బతికిన 1,867 మందిని రెండు వర్గాలుగా చేశారు. ఒక వర్గానికి మామూలు వైద్యం అందింది. మరో వర్గానికి దాంతోపాటు ఒకసారి వివరంగా మాట్లాడి, 18 నెలల్లో 9 సార్లు ఫోన్‌లోనో, ఇంటికి వెళ్లో పలకరించారు. మామూలు వైద్యం అందినవాళ్లలో ఆత్మహత్యతో చనిపోయినవాళ్లు 2.2 శాతం, పలకరించిన వర్గంలో 0.2 శాతం. 2008లో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

పశ్చిమ గోదావరి జిల్లా గిరిజన గ్రామాల్లో ఆశా కార్యకర్తలు ట్యాబ్‌లు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, మానసిక సమస్య ఉన్నవాళ్లను గుర్తించి, డాక్టర్ దగ్గరికి వెళ్లారా లేదా అని మళ్లీ మళ్లీ వాకబు చేశారు. వైద్యం పొందినవాళ్లు అంతకుముందు 0.8 శాతం ఉంటే, తర్వాత 12.6 శాతానికి పెరిగారు. ఇదీ పలకరింపు ఫలితమే.

ఉగాదికి, సంక్రాంతికి వందల మందిని కూడగట్టగల తెలుగు సంఘాలు మనకు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. తమ ఊళ్లో తెలుగు మాట్లాడే మానసిక వైద్యులు, కౌన్సెలర్ల జాబితా తయారుచేసి పెట్టొచ్చు. ఆసుపత్రికి తోడువెళ్లి భాష సాయం చేయగల నలుగురు పెద్దలను, వారిలో ఇద్దరు ఆడవాళ్లు ఉండేలా, ఎంచుకోవచ్చు. ఎవరి కోసం వెళ్లారో బయటపెట్టకూడదన్న నియమం ముందే పెట్టుకోవాలి. సంఘం వాట్సాప్ గ్రూపులో రోగి పేరు ఒక్కసారి కనిపించినా ఆ మనిషి ఇక డాక్టర్ దగ్గరికీ రారు, సంఘానికీ రారు.

మీ ఇంట్లో ఎవరైనా డిప్రెషన్‌కు మందు వాడుతుంటే, ఓపీ చీటీ తీసి తర్వాతి తేదీ ఎప్పుడో ఇవాళే చూడండి. దాటిపోయి ఉంటే ఈ వారంలోనే ఒక రోజు అనుకుని, తోడు ఎవరు వెళ్తారో కూడా ఇప్పుడే తేల్చుకోండి.